రక్తపరీక్ష ముందే చెబుతుందా? కోవిడ్ నేర్పిన పాఠం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నా తర్వాత పిల్లల కూచిపూడి, ఆ తర్వాత భోజనాలు. గోంగూర వాసన ఇక్కడిదాకా వస్తోంది కనక సమయపాలన విషయంలో మీరు నన్ను నమ్మొచ్చు.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో పాథాలజిస్టుగా పనిచేశాను. అంటే రోగి ముఖం కన్నా రోగి రక్తంతోనే నాకు పరిచయం ఎక్కువ. రిటైరయ్యాక నోయిడాలో స్థిరపడ్డాను. 2021 ఏప్రిల్, మే నెలల్లో నా ఫోను పొద్దున్న అయిదింటి నుంచి అర్ధరాత్రి దాకా మోగేది. "సార్, నాన్నగారి రిపోర్టు వాట్సాప్‌లో పంపాను. డి-డైమర్ పక్కన నల్లటి అక్షరాల్లో ఎక్కువ అని ఉంది. ఏమవుతుంది సార్?" సిక్కింలో డ్యూటీలో ఉన్న కొడుకు అడుగుతాడు. నాన్న ద్వారకలో, అమ్మ శ్రీకాకుళం దగ్గర పల్లెలో. మధ్యలో నేను, ఒక కాగితం ముక్క.

ఆ ప్రశ్ననే ఈ రోజు మాట్లాడుకుందాం. మామూలు రక్తపరీక్షలు చూసి, ఈ మనిషికి కోవిడ్ ముదురుతుందా లేదా అన్నది ముందుగా చెప్పగలమా? చెప్పగలిగితే ఎంతవరకు?

ముందు మన ఢిల్లీ సంగతి గుర్తు చేసుకుందాం. ఈ జబ్బుతో మన బలగాలకు పరిచయం 2020 ఫిబ్రవరి 1నే మొదలైంది. వూహాన్ నుంచి ఎయిరిండియా విమానంలో తెచ్చిన మనవాళ్ళను మానేసర్‌లో సైన్యం, ఛావ్లాలో ఐ.టి.బి.పి. క్వారంటైన్‌లో ఉంచి చూసుకున్నాయి. ఢిల్లీలో మొదటి కేసు బయటపడింది మార్చి 2న. కంటోన్మెంటులో బేస్ హాస్పిటల్ కోవిడ్ ఆసుపత్రిగా మారింది. జూలై 5 నాటికి విమానాశ్రయం దగ్గర డి.ఆర్.డి.ఓ. పన్నెండు రోజుల్లో వెయ్యి పడకల ఆసుపత్రిని లేపింది. అందులో 250 ఐ.సి.యు. పడకలు. నడిపింది సైనిక వైద్య సిబ్బంది. అప్పుడు డి.ఆర్.డి.ఓ. అధిపతి మన నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన సతీష్ రెడ్డి గారు. వార్డులకు గల్వాన్ వీరుల పేర్లు పెట్టారు. ఐ.సి.యు., వెంటిలేటర్ విభాగానికి పెట్టిన పేరు కల్నల్ బి. సంతోష్ బాబుది, మన సూర్యాపేట బిడ్డది. జూన్ 15న ఆయన నేలకొరిగితే, మూడు వారాలు తిరక్కుండానే ఆయన పేరున్న వార్డులో ప్రాణాలు కాపాడే పని మొదలైంది. ఇది మన సంఘం మరచిపోకూడని విషయం.

ఇక అసలు సమస్య. 2020 ఫిబ్రవరిలో చైనా ప్రచురించిన సుమారు 44 వేల కేసుల లెక్కలో 81 శాతం మందికి జబ్బు తేలిగ్గా పోయింది, 14 శాతం మందికి తీవ్రమైంది, 5 శాతం మందికి ప్రాణం మీదికి వచ్చింది. జబ్బు తీరు కూడా చిత్రమైంది. మొదటి వారం జ్వరం, ఒళ్ళునొప్పులు, దగ్గు. అందరూ ఒకేలా కనిపిస్తారు. చాలామందిలో మలుపు వచ్చేది రెండో వారం ముంగిట్లో. కొందరు కోలుకుంటారు. కొందరిలో వైరస్ కంటే దాని మీదికి వెళ్ళిన సొంత సైన్యమే ఎక్కువ నష్టం చేస్తుంది. రోగనిరోధక శక్తి అదుపు తప్పి ఊపిరితిత్తుల మీద పడుతుంది, సన్నని రక్తనాళాల్లో గడ్డలు కడుతుంది. 2021 ఏప్రిల్ 20న ఢిల్లీలో ఒక్క రోజులో 28 వేల పైచిలుకు కేసులు వచ్చాయి. పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. అలాంటప్పుడు ఆ తొలివారంలోనే ఎవరిని ఇంట్లో ఉంచొచ్చు, ఎవరిని కళ్ళల్లో పెట్టుకోవాలి అన్నది తెలిస్తే ఎంత మేలు! అందుకే అందరి చూపూ చవకగా, ఎక్కడైనా దొరికే రక్తపరీక్షల మీద పడింది.

ఆ పరీక్షలేమిటో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది సి.బి.సి., అంటే రక్తకణాల లెక్క. మీరు ఏటా మెడికల్ కేటగిరీ కోసం ఇచ్చిన పరీక్షే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ మొదట ఉరికే క్విక్ రియాక్షన్ టీము. లింఫోసైట్లు వైరస్‌ను గుర్తుపట్టి వేటాడే ప్రత్యేక దళం. జబ్బు ముదిరేవాళ్ళలో లింఫోసైట్లు పడిపోతాయి, న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 60, లింఫోసైట్లు 30 ఉంటే నిష్పత్తి 2. ఆరోగ్యవంతుల్లో ఇది సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. 78, 12 ఉంటే 6.5. అప్పుడు జాగ్రత్త పడాలి. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు, భాగహారం వస్తే చాలు. కాకపోతే ఒక మెలిక ఉంది. స్టెరాయిడ్ మాత్ర వేసుకున్న మనిషిలో ఈ నిష్పత్తి మందు వల్లే పెరుగుతుంది. మందు సంగతి అడక్కుండా రిపోర్టు చదివితే తప్పుదారి పడతాం.

రెండోది సి.ఆర్.పి. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ మంట పుట్టినా కాలేయం దీన్ని తయారుచేస్తుంది. లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. వంద దాటితే లోపల పెద్ద గొడవే జరుగుతోందని అర్థం. కానీ ఆ గొడవ ఎక్కడన్నది ఇది చెప్పదు. పంటిచీము అయినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ అయినా పెరుగుతుంది.

మూడోది డి-డైమర్. గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు రాలే తునక ఇది. వూహాన్‌లోని రెండు ఆసుపత్రుల్లో 191 మంది రోగులను పరిశీలించి 2020 మార్చిలో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. చేరేటప్పటికే డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవాళ్ళలో మరణాలు బాగా ఎక్కువని అందులో తేలింది. అప్పటినుంచి ఆ పేరు ఇంటింటి పేరైపోయింది. అయితే వయసు పెరిగితే ఇది పెరుగుతుంది, ఆపరేషన్ అయితే పెరుగుతుంది, గర్భిణుల్లో పెరుగుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి పాతికేళ్ళ జవాను కొలబద్ద పెట్టకూడదు.

ఇవి కాక ఎల్.డి.హెచ్. ఉంది, కణాలు దెబ్బతింటే బయటికి వచ్చేది. ఫెర్రిటిన్ ఉంది. కిడ్నీ పనితీరు చెప్పే యూరియా, క్రియాటినిన్ ఉన్నాయి. అన్నిటికన్నా మనం చిన్నచూపు చూసిన షుగర్ పరీక్ష ఉంది. 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు, అదుపులో లేని షుగరు, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు, ఈ రెండూ ఎంత ప్రమాదమో కళ్ళారా చూశాం.

సాదా పరీక్షలని తీసిపారేయకండి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబుల్లో దాన్ని వాడారు. మామూలు పరీక్షను నమ్మకంగా చెయ్యడమే గొప్ప వైద్యమని మా గురువులు ఆయన పేరు చెప్పి పాఠం చెప్పేవారు.

సరే, ఒక్కో పరీక్ష ఒక్కో మాట చెబుతోంది. అన్నీ కలిపితే జోస్యం చెప్పొచ్చు కదా? ఆ ప్రయత్నమూ జరిగింది. 2020 మేలో వూహాన్‌లోని టోంగ్జీ ఆసుపత్రి నుంచి 485 మంది రోగుల సమాచారంతో ఒక అధ్యయనం వచ్చింది. కంప్యూటర్ లెక్క ఎల్.డి.హెచ్., లింఫోసైట్లు, సి.ఆర్.పి. అనే మూడింటిని ఎంచుకుంది. ఈ మూడింటితో ఎవరు చనిపోతారో పది రోజుల ముందే తొంభై శాతం పైగా కచ్చితంగా చెప్పొచ్చన్నారు. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. తర్వాత అదే సూత్రాన్ని న్యూయార్క్‌లో, నెదర్లాండ్స్‌లో, ఫ్రాన్స్‌లో రోగుల మీద పెట్టి చూస్తే అంత బాగా పనిచెయ్యలేదు. ఎందుకని? ఒక సెక్టారులో గీసిన మ్యాపు పట్టుకుని ఇంకో సెక్టారులో పెట్రోలింగుకి వెళితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? రోగులు వేరు, ఆసుపత్రిలో చేరే దశ వేరు, వైద్యం వేరు.

దీనికి భిన్నంగా బ్రిటన్‌లో ఓపిగ్గా ఒక పని చేశారు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లో 260 ఆసుపత్రుల నుంచి 35 వేల పైచిలుకు రోగుల సమాచారంతో ఒక స్కోరు తయారుచేసి, మరో 22 వేల మంది మీద పరీక్షించి, 2020 సెప్టెంబరులో ప్రచురించారు. దాని పేరు ఫోర్-సి స్కోరు. అందులో ఎనిమిది అంశాలు: వయసు, ఆడా మగా, ఎన్ని పాత జబ్బులు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి, ఆక్సిజన్ శాతం, స్పృహ, యూరియా, సి.ఆర్.పి. మొత్తం 21 మార్కులు. 3 లోపు వచ్చినవాళ్ళలో మరణాలు నూటికి ఒకటి చొప్పున, 15 దాటినవాళ్ళలో అరవై పైన. గమనించారా, ఎనిమిదింట్లో రక్తపరీక్షలు రెండే! మిగతావి మంచం పక్కన నిలబడి, గడియారం పట్టుకుని, రోగిని చూసి రాసుకునేవి. ఇంకో మాట, ఇది ఆసుపత్రిలో చేరినవాళ్ళ కోసం తయారైంది, ఇంట్లో జలుబుతో ఉన్నవాళ్ళ కోసం కాదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఇవి ఉదాహరణ కోసం నేను వేసుకున్న అంకెలే. తేలిక జబ్బుతో ఇంట్లో ఉన్న వెయ్యి మందిలో 30 మందికి ముదురుతుందనుకుందాం. మన పరీక్ష ముదిరేవాళ్ళలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, ముదరనివాళ్ళలో నూటికి 20 మందికి తప్పుడు అలారం మోగిస్తుంది. అప్పుడు 30లో 24 మందిని పట్టుకుంది, మంచిదే. కానీ మిగతా 970 మందిలో 194 మందికి ఊరికే మోగింది. మొత్తం 218 మంది భయపడితే అందులో నిజమైన కేసులు 24, అంటే తొమ్మిది మందికి ఒకరు. అదే పరీక్షను ఆసుపత్రిలో ఆక్సిజన్ మీదున్న వెయ్యి మందికి పెట్టండి. అక్కడ 300 మందికి ముదురుతుందనుకుంటే 240 నిజమైన అలారాలు, 140 తప్పుడువి. ఇప్పుడు అలారాన్ని లెక్కచెయ్యాల్సిందే. మైన్ డిటెక్టరు అదే, మోత అదే. మందుపాతరలున్న చోట మోగితే ఒక అర్థం, పెళ్ళిపందిరి వేసి తీసేసిన మైదానంలో మోగితే తుప్పుపట్టిన మేకు.

అందుకే 2021 మే 3న అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా గారు విలేఖరుల ముందుకొచ్చి, తేలిక జబ్బున్నవాళ్ళు, ఆక్సిజన్ మామూలుగా ఉన్నవాళ్ళు సి.టి. స్కానులు, సి.ఆర్.పి.లు, డి-డైమర్లు చేయించుకోవద్దనీ, దానివల్ల భయం, అనవసర వైద్యం పెరుగుతాయనీ చెప్పారు. ఏప్రిల్ నాటి జాతీయ మార్గదర్శకాల్లో సి.ఆర్.పి., డి-డైమర్ మళ్ళీ మళ్ళీ చెయ్యమన్నది ఆసుపత్రిలో చేరిన ఒక మోస్తరు, తీవ్ర రోగులకు. మనవాళ్ళు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

దాని ఫలితం రెండు ఉదాహరణల్లో చెబుతాను. పేర్లు వద్దు.

ఒక రిటైర్డ్ సుబేదార్ గారు, అరవై దాటిన మనిషి. జ్వరం మూడో రోజు. ఆక్సిజన్ 97. ఇంట్లో అందరికీ భయమని ప్యాకేజీ మొత్తం చేయించారు. డి-డైమర్ 620. ఎవరో పంపిన చీటీ చూసి ఆ రాత్రే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో షుగరు నాలుగొందలు. నాకు ఫోను వచ్చేసరికి జబ్బు కన్నా షుగరే పెద్ద శత్రువై కూర్చుంది. ఆయన బతికి బయటపడ్డారు గానీ మూడు వారాలు ఆసుపత్రిలో గడపాల్సి వచ్చింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చిన సంగతి ఇది: డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మూడో వంతు మరణాలు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో అయిదో వంతు మరణాలు తగ్గించింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి మేలు చెయ్యలేదు. మందు ఎప్పుడివ్వాలో తేల్చింది ఊపిరి. డి-డైమర్ కాదు.

రెండో మనిషి రిటైర్డ్ హవల్దారు. ఇంట్లోనే ఉన్నారు. అయిదో రోజు సి.ఆర్.పి. 18. "ఏం లేదు సార్, కొంచెమే" అన్నారు. ఏడో రోజుకు 64. న్యూట్రోఫిల్, లింఫోసైట్ నిష్పత్తి 3 నుంచి 7కి వెళ్ళింది. స్టెరాయిడ్ వేసుకోలేదు. కూర్చుంటే ఆక్సిజన్ 95, ఆరు నిమిషాలు నడిస్తే 90. మాట్లాడుతూ మధ్యలో ఊపిరి తీసుకోవడం ఫోనులోనే వినిపించింది. "ఈ రాత్రికి ఆగుదాం సార్, పొద్దున్నే చూద్దాం" అన్నారు. ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరమన్నాను. ఆ రాత్రే కొడుకు పడక దొరికించుకున్నాడు. పొద్దుటికి ఆక్సిజన్ 84. ఆ పూట ఆయనకు ఆక్సిజన్ పైపు ముక్కుకి ఉంది కనక ఈ రోజు ఆయన మన మధ్య ఉన్నారు. ఈ సభలోనే ఉన్నారు, ఎక్కడున్నారో చెప్పను.

రెండు కథలకూ తేడా ఎక్కడుంది? మొదటిచోట ఒక్క అంకె, ఒక్క పూట, రోగిని చూడకుండా. రెండోచోట అంకెల నడక, దానికి తోడు ఊపిరి, నడక, మాట. ఒక్క సంత్రీ కేక వేస్తే టార్చి వేసి చూస్తాం. మూడు పోస్టుల నుంచి ఒకే దిక్కు చూపిస్తూ రిపోర్టు వస్తే స్టాండ్-టు అంటాం.

ల్యాబు లోపలి మాట కూడా కాస్త చెప్పాలి. డి-డైమర్‌ను రెండు రకాల యూనిట్లలో ఇస్తారు. ఒకదానిలో 500 అంటే ఇంకోదానిలో దాదాపు 250. ఒక ల్యాబు 0.6 అని రాస్తుంది, ఇంకో ల్యాబు 600 అని రాస్తుంది, రెండూ ఒకటే కావచ్చు. 2021లో ఒక ఇంట్లో రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని, ఒక్క రోజులో వెయ్యి రెట్లు పెరిగిందని ఏడ్చినవాళ్ళను నేను ఓదార్చాను. అలాగే రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే ఎల్.డి.హెచ్. ఊరికే పెరుగుతుంది. నీలం మూత గొట్టంలో గీత దాకా రక్తం నింపకపోతే గడ్డకట్టే పరీక్షలు తప్పుతాయి. కనక వీలైనంత వరకు ఒకే ల్యాబు, ఒకే యూనిట్, తేదీ వేసి ఫైలు. మీ సర్వీసు డాక్యుమెంట్లు ఎంత భద్రంగా పెట్టుకుంటారో మీ రక్తపు రిపోర్టులూ అంతే. ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకె తెలిస్తేనే జబ్బునాటి అంకెకు అర్థం.

మరి అంకెలు ఎక్కడ పనికొచ్చాయి? ఆసుపత్రి లోపల బాగా పనికొచ్చాయి. 2021 ఫిబ్రవరిలో అదే రికవరీ ట్రయల్ టోసిలిజుమాబ్ అనే మందు ప్రాణాలు నిలుపుతుందని చూపింది. ఎవరికిచ్చారు? ఆక్సిజన్ 92 కన్నా తగ్గి, సి.ఆర్.పి. 75 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్ళకు. అక్కడ సాదా రక్తపరీక్ష, ఊపిరి రెండూ చేతులు కలిపాయి. రక్తపరీక్షకు సరైన స్థానం అదే.

ఇంట్లో మాత్రం మన మొదటి కాపలాదారు పల్స్ ఆక్సీమీటరే. దాని మూలసూత్రాన్ని 1974లో కనిపెట్టిన జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 2020 ఏప్రిల్‌లోనే కన్నుమూశారు, ప్రపంచమంతా ఆయన సాధనానికి వేలు అందిస్తున్న రోజుల్లో. మన ఇ.సి.హెచ్.ఎస్. కూడా 2021 మేలో కుటుంబానికి ఒకటి చొప్పున ఆక్సీమీటరు ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. దానికీ లోపముంది. చర్మం రంగు ముదిరే కొద్దీ అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశముందని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రచురించారు. అందుకే 94 దగ్గర ఊగుతుంటే, ఆయాసం కూడా ఉంటే, మిషను కన్నా ఆయాసాన్నే నమ్మండి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు మీద అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. టీకాలు వచ్చాయి, వైరస్ మారింది. 2020లో కట్టిన లెక్కలు టీకా లేని మనుషుల మీద కట్టినవి, వాటిని ఇప్పుడు యథాతథంగా వాడకూడదు. కానీ ఇంకో జ్వరం, ఇంకో పేరుతో వస్తుంది. డెంగీ ప్రతి ఏడూ వస్తూనే ఉంది, ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని మనం పడే కంగారూ ఇలాంటిదే. కాబట్టి నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. అంకె కన్నా ముందు మనిషిని చూడండి. ఒక్క అంకె కన్నా అంకెల నడక చూడండి. పరీక్ష చేయించే ముందు "ఫలితం ఎలా వస్తే ఏం చేస్తాం?" అని డాక్టరును అడగండి, జవాబు లేకపోతే ఆ పరీక్ష అక్కర్లేదు. రిపోర్టు చూసి మీ అంతట మీరు మందు మొదలుపెట్టకండి.

సర్వీసులో ఉన్న కుర్రాళ్ళకు ఒక విన్నపం. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల షుగరు, బి.పి., వాళ్ళు వాడే మందుల జాబితా మీ ఫోనులో పెట్టుకోండి. ఈ సెలవులో వెళ్ళినప్పుడే రాసుకోండి. అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడు, ఎక్కడో మంచుకొండల్లో ఉన్న మీ దగ్గర నుంచి వాళ్ళకి అందే మొదటి సాయం అదే.

చివరిగా, పి.పి.ఇ. కిట్లలో చెమటతో తడిసి, పన్నెండేసి గంటలు రక్తం గొట్టాలు అందుకున్న మన ల్యాబు అసిస్టెంట్లకు, నర్సింగ్ ఆఫీసర్లకు, అంబులెన్సు డ్రైవర్లకు, ఆ డ్యూటీలోనే ప్రాణాలు వదిలినవాళ్ళకు ఈ సభ తరపున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.  ఇరవై నిమిషాలు అయ్యాయి, పిల్లలు గజ్జెలు కట్టుకుని ఎదురుచూస్తున్నారు.

జై హింద్.